అన్నభేది ద్రావణము - ఆమ్లము - గామా కిరణములు

ఇనుపధాతు లోపమువలన వేరుసెనగ ఆకులు పాలిపోయినపుడు, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లుదురు. నిమ్మఉప్పు లేనిచో ద్రావణము త్రుప్పురంగుకు మారి, ఇనుము అడుగున పేరుకొనును. బోడుప్పల్, ఉప్పల్ ప్రాంతములలో బోరునీరు వాడువారు దీనిని పరీక్షించి చూడవచ్చును.

ఈ అన్నభేదియే గామా కిరణముల మోతాదును కొలుచుటకును ఉపయోగపడును. ఫ్రికె, మోర్స్ అను శాస్త్రజ్ఞులు 1927లో ఈ పద్ధతిని తెలిపిరి. ఇందులోను ఆమ్లమే ముఖ్యము.

కిరణము తాకిన నీటిలో విడి ఎలక్ట్రానులు, హైడ్రాక్సిల్ తునకలు, కొద్దిగా ఉదజని పరమాణువులు పుట్టును. నీటిలో ఆమ్లమున్నచో, ఆ ఎలక్ట్రానులు ఆమ్లపు ఉదజని అయానులతో కూడి ఉదజని పరమాణువులగును. 100 ఎలక్ట్రాను వోల్టుల శక్తికి తటస్థమైన నీటిలో ఇవి సుమారు 0.6 మాత్రమే, గంధకామ్లము తగినంత కలిపిన నీటిలో సుమారు 3.7. కరిగియున్న ప్రాణవాయువుతో కలిసి ఒక్కొక్కటి మూడేసి ఇనుప అయానులను మార్చును. ఇతర తునకలు చేయు మార్పును కూడ చేర్చిన మొత్తము సుమారు 15.5. ప్రాణవాయువు లేనిచో సుమారు 8 మాత్రమే.

లెక్క తప్పిన నష్టమేమి? కొత్త వంగడములకై వేరుసెనగ గింజలకు కొన్ని వందల గ్రేల మోతాదు ఇత్తురు. ఎక్కువైన మొలక చచ్చును. తక్కువైన మార్పు రాదు. 1991లో విడుదలైన ట్రాంబే రకము టి.ఎ.జి. 24 కిరణములవలన కలిగిన మార్పురకముల సంతతియే. గామా కిరణములు సోకిన విత్తులో కిరణధార్మికత మిగులదు, నిర్భయముగా విత్తుకొనవచ్చును.

మీరు చేయవలసినది ఒక్కటే: అన్నభేదిలో నిమ్మఉప్పు మరువక కలిపి, ఆ ద్రావణమును ఆనాడే చల్లవలెను.