సముద్రం ఎరిగినోళ్ల దగ్గరికి

"బాపూ, సముద్రం మన మానేరు డ్యాం కంటే పెద్దగుంటదా?" అని కరీంనగర్ కట్ట మీద మీ పిల్ల అడిగిందనుకోండి. "అది పరీక్షల రాదులే, నడువ్" అనకండి. జవాబు తెలియకపోతే తెలిసినోళ్లను అడుగుదామనండి. అట్లాంటోళ్లు మనకు మరీ దూరంలో లేరు.

హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. 1999లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. సముద్రం ఛాయే లేని ఊళ్లో కూర్చొని, రాత్రింబగళ్లు దాన్ని కనిపెట్టుకొని ఉంటారు. బడి తరఫున ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోవాలి. నలుగురు తల్లిదండ్రులు కలిసి హెడ్మాస్టరును అడిగితే, ఏటా వెళ్లే జూపార్కు టూరులో ఒక పూట దీనికీ దొరుకుతుంది.

పోయే ముందు పిల్లలను అంగడికి తీసుకుపోయి ఎండుచేపల కుప్ప చూపించండి. కడలిలో చేప ఎక్కడుందో జాలరికి ఎట్ల తెలుస్తుందో వాళ్లనే ఊహించమనండి. ఉపగ్రహాలు పైనుంచి నీటి వేడిని, నీళ్లలోని సన్నటి నాచు పచ్చదనాన్ని పసిగడతాయి. వాటిని బట్టి చేపలు చేరే చోటు అంచనా వేసి, ఇన్‌కాయిస్ జాలర్లకు తెలుగులో కూడా కబురు పంపుతుంది. ఇంత తెలిసి వెళ్లిన పిల్లలు అక్కడ నోరు మూసుకొని నిలబడరు.

సెలవుల్లో విశాఖ పోతే బీచ్‌లో ఫోటోలు దిగి వచ్చేయకండి. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీం అనే బృందం, ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, మామూలు జనాన్ని తీరంలోని రాళ్ల మధ్యకు తీసుకెళ్లి అక్కడి జీవాలను చూపిస్తుంది. రాతి గుంటలో ఒక శంఖం కదులుతుంది. మీ నీడ పడితే టక్కున ఆగిపోతుంది. కాస్త పక్కకు జరిగి ఓపిక పడితే ముందు మీసాలు, తర్వాత కాళ్లు బయటికొస్తాయి. ఖాళీ శంఖంలో కాపురముండే పీత అది. ఆ ఓపిక పిల్లలకుంటుంది, తొందరంతా మనదే. "ఏం నేర్చుకున్నవ్?" అని అక్కడే పరీక్ష పెట్టకండి. శంఖం బాగుందని జేబులో వేసుకుంటే వద్దనండి, అది ఇంకో పీతకు ఇల్లవుతుంది.

ఇక ఆదిలాబాద్ వాళ్లు ఎక్కడికీ పోనక్కర లేదు. పెన్‌గంగ పక్కనున్న సున్నపురాయి ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నదే, డైనోసార్ల కంటే ఎంతో ముందు. పొరలు పొరలుగా కనబడే చోట పిల్లలను చేత్తో తడిమి చూడనివ్వండి. పేలుళ్లు జరిగే క్వారీల వైపు మాత్రం వద్దు. ఇంకోమాట, అందులో గవ్వల కోసం వెతికి చిన్నబోతారేమో, ముందే చెప్పండి: ఆ సముద్రం నాటికి గవ్వ కట్టుకునే జీవాలు ఇంకా పుట్టనే లేదు.