స్విచ్‌లు జట్టు కట్టే విధానం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్ శిక్షణ బోర్డులు కనిపించని చోటు తక్కువ. ఊళ్ళ నుంచి వచ్చి, ఎల్.బి.నగర్ వైపు గదులు తీసుకుని, పంట డబ్బు ఫీజుగా కట్టి నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులు ఎందరో ఉన్నారు. కమాండ్లు చాలామందికి కంఠస్థమే. కాని ఇంటర్వ్యూలో "ఒక తీగ తెగితే ఏమవుతుంది?" అని అడిగితే నోట మాట రాదు. అందుకే స్టాకింగ్ అన్న ఒక్క విషయాన్ని మొదటి నుంచి చూద్దాం.

స్టాక్ అంటే ఏమిటి?

ఒక లాబ్‌లో 120 కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. 48 పోర్టుల స్విచ్‌లు మూడు కావాలి. విడివిడిగా పెడితే మూడు ఐ.పి. అడ్రసులు, మూడు కాన్ఫిగరేషన్లు. స్టాక్ చేస్తే మూడూ కలిసి ఒకే స్విచ్‌లా నడుస్తాయి, ఒక్క అడ్రసు చాలు. 2/0/5 అంటే రెండవ స్విచ్‌లో అయిదవ పోర్టు అన్నమాట. సిస్కో కంపెనీ 2003లో కాటలిస్ట్ 3750 స్విచ్‌లతో స్టాక్‌వైజ్ పద్ధతిని తెచ్చింది. తరువాత వచ్చిన 9300 రకంలో ఎనిమిది స్విచ్‌ల దాకా కలపవచ్చును.

వలయం ఎందుకు?

స్విచ్ నుంచి స్విచ్‌కు వరుసగా తీగ లాగితే అది మన గొలుసుకట్టు చెరువుల వంటిది. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువుకు నీరు. స్టాక్‌లో అలా కాదు. వెనుకనున్న ప్రత్యేక పోర్టులతో ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు, మూడు నుంచి మళ్ళీ ఒకటికి తీగ కలుపుతాం. ఒకచోట తెగితే రెండవ దారి ఉంటుంది. వేగం తగ్గుతుంది గాని పని ఆగదు. రెండుచోట్ల తెగితేనే ప్రమాదం. స్టాక్ రెండు ముక్కలై, రెండూ అదే ఐ.పి. అడ్రసు మాదంటాయి. అందుచేత మొదటి తీగ తెగిన రోజే మార్చాలి.

పెద్ద ఎవరు?

జట్టుకు ఒక పెద్ద ఉండాలి. 9300లో దీన్ని యాక్టివ్ అంటారు, దాని వెనుక స్టాండ్‌బై ఉంటుంది. ప్రయారిటీ 1 నుంచి 15 దాకా; ఎక్కువ ఉన్నది పెద్ద అవుతుంది. మనం ఏమీ చెప్పకపోతే అన్నిటికీ 1 ఉంటుంది. అప్పుడు తక్కువ మాక్ అడ్రసు గలది గెలుస్తుంది. చాలాసార్లు అది పాత స్విచ్ కావచ్చు! కనుక మనమే ఒకదానికి 15, ఇంకొకదానికి 14 ఇవ్వాలి. ఉన్న పెద్దను కొత్త ప్రయారిటీ వెంటనే దించదు. రీలోడ్ అయ్యాకే ఎన్నిక. కరెంటు వచ్చాక 120 సెకన్లలోపు లేచినవే ఆ ఎన్నికలో పాల్గొంటాయి.

గుర్తుంచుకోవలసినవి

1. అన్నిటిలో ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఒకే లైసెన్సు స్థాయి ఉండాలి.
2. కొత్త స్విచ్‌ను కరెంటు తీసేసి కలపాలి. ఆన్‌లో ఉండగా కలిపితే ఇద్దరు పెద్దలు తారసపడి, ఓడిన పక్షం రీలోడ్ అవుతుంది.
3. బయటకు పోయే లింకులు రెండింటిని రెండు వేర్వేరు స్విచ్‌ల నుంచి తీసి ఒకే ఈథర్‌చానెల్‌గా కట్టాలి. ఒక స్విచ్ పోయినా దారి మిగులుతుంది.
4. 9300 స్టాక్ తీగ పొడవు మూడు మీటర్లకు మించదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లాబు, ఎల్.బి.నగర్‌లో ఇంకొకటి ఉంటే వాటిని ఫైబరుతో కలపవలసిందే.

లాబ్‌లో అవకాశం దొరికితే లెక్చరర్ గారి అనుమతితో ఒక స్టాక్ తీగ ఊడదీసి "షో స్విచ్ స్టాక్-పోర్ట్స్" కొట్టి చూడండి. తీగ తెగితే ఏమవుతుందో ఇక ఎవరినీ అడగనక్కరలేదు.