ఆవు పడ్డ గుహలోకి నలుగురు కొత్తవాళ్ళు

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలయ్యే ఆటకి పని సోమవారం రాత్రే మొదలవుతుంది. పెందుర్తి సుజాతనగర్‌లో ఓ మేడ మీద గది. ఆట నడిపేది ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పే లెక్చరర్. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలో మనిషి అయి, తాము ఏం చేస్తున్నారో నోటితో చెబుతారు. మాటతో తేలని చోట పాచిక తేలుస్తుంది. కథ చెప్పే మనిషిని డీఎం అంటారు, డంజన్ మాస్టర్. గుహ, గుహలో గబ్బిలాలు, దారిలో కనిపించే ముసలమ్మ, అందరి తరఫునా మాట్లాడేది డీఎమ్మే.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని అచ్చు వేయించినప్పుడు మొదటి విడతలో వచ్చినవి 1000 పెట్టెలు, పెట్టెకి మూడు చిన్న పుస్తకాలు. ఇప్పుడు మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద ఉచితం; ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాకపోతే 400కు పైగా పేజీలు. అందులోంచి కొత్తవాళ్ళ చేతికి వెళ్ళేది మనిషికి అర పేజీ. ఈ లెక్చరరమ్మ పనితనమంతా ఆ తీసేయడంలోనే ఉంది.

ముందుగా మనుషులు. ఈసారి నలుగురు: బ్యాంకులో పనిచేసే పక్కింటి అక్క, స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మావయ్య, డిగ్రీ కుర్రాడు, పదో తరగతి అమ్మాయి. ఐదుగురిని ఎప్పుడూ పిలవదు. ఐదో మనిషి వచ్చాడంటే వంతు తిరిగి వచ్చేసరికి మొదటివాళ్ళు ఫోన్ చూసుకుంటుంటారు. ఒక్కొక్కరితో ఫోన్లో పావుగంట మాట్లాడుతుంది. నియమాల ఊసే ఎత్తదు. ఏ సినిమాలు మళ్ళీ మళ్ళీ చూస్తారు, కథలో ధైర్యం చేసేవాడు నచ్చుతాడా, మాయ చేసేవాడా అని అడుగుతుంది. చివరి ప్రశ్న అందరికీ ఒకటే: కథలో మీకు పడనివి ఏమైనా ఉన్నాయా? “పాములొద్దమ్మా, బొమ్మలో కూడా చూడలేను” అంటుంది బ్యాంకు అక్క. ఆ రాత్రే గుహలోంచి పాములు పోతాయి. “నాకు పేకాటే సరిగ్గా రాదు, ఇదేటి నాకు?” అంటాడు మావయ్య. ఆయనకి కోపం వచ్చినా పరవాలేని, చాలా దెబ్బలు తట్టుకునే పాత్ర పక్కన పెడుతుంది.

కథకి గంటన్నర. డ్రాగన్లూ యూరప్ కోటలూ పెట్టదు. కొత్తవాళ్ళు ఒకేసారి రెండు కొత్త లోకాలు మోయలేరని ఆమె లెక్క: ఆట కొత్తదైతే చోటు పాతదై ఉండాలి. అరకు రైలు పెందుర్తి మీదుగానే పోతుంది. ఈ నలుగురిలో బొర్రా గుహలు చూడనివాళ్ళు లేరు. గుహలకి ఒక స్థలకథ ఉంది. మేస్తున్న ఆవు పైనున్న బిలంలోంచి లోపలికి పడిపోయింది, వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల శివలింగం కనిపించింది, అక్కడినుంచి పారే ఏరు గోస్తని అయింది. ఈ ఏరే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే సాహసానికి కావలసిన సరుకంతా ఊళ్ళోనే ఉంది: పోయిన ఆవు, చీకటి బిలం, దిగాల్సిన నలుగురు. ఆమె రాసుకునేది ఒక్క కాగితం. మూడు ఘట్టాలు, ఘట్టానికి నాలుగు వాక్యాలు: బిలంలోకి దిగడం, గబ్బిలాల గది, అడుగున ఆవు. అంతకు మించి రాస్తే రాసింది చదివి వినిపించాలనిపిస్తుందట, అప్పుడు ఆడేవాళ్ళకి చేయడానికి ఏమీ మిగలదు.

తర్వాత పాత్రలు. నలుగురికి ఆరు తయారుచేస్తుంది, చివర మిగిలింది తీసుకున్నామన్న బాధ ఎవరికీ ఉండకూడదు కదా. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, మొత్తం రెండు గంటలు. అసలు పాత్ర పత్రం రెండు మూడు పేజీలుంటుంది. ఆమె కత్తిరించాక మిగిలేవి మనిషి ఎవరో చెప్పే ఒక వాక్యం, పెద్ద అక్షరాల్లో మూడు నైపుణ్యాలు, వాటి పక్కన కలపాల్సిన అంకె, దెబ్బలు తట్టుకునే శక్తి, ఒక ఆయుధం. మంత్రాలుంటే రెండే. పుస్తకంలోని మంత్రగాడు, విజార్డ్, ఈ ఆరింట్లో లేడు. మొదటి రోజే అతని మంత్రాల జాబితా చేతికిస్తే మనిషి కళ్ళు కాగితం మీదనుంచి లేవవు. పుస్తకంలో పాటగాడు, బార్డ్, అని ఒక రకం ఉంది. దాన్ని ఈమె తప్పెటగుళ్ళు ఆడే గొల్ల కుర్రాడిగా మార్చింది, ఛాతీకి కట్టుకున్న గుండ్రటి రేకు తప్పెటతో సహా. పేరు రాసే చోటు మాత్రం అన్నిట్లోనూ ఖాళీ. అది ఆడేవాళ్ళే నింపాలి.

పాచికల పని శనివారం. ఏడు పాచికల సెట్టు 350 రూపాయలు. నాలుగు ముఖాల దానినుంచి ఇరవై ముఖాల దాకా ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ పని ఇరవై ముఖాలదానికే కాబట్టి దాన్ని పరీక్షించకుండా బల్లమీద పెట్టదు. గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్ళు, 72 గ్రాముల ఉప్పు. నీళ్ళని 60 డిగ్రీల దాకా వేడిచేస్తుంది. వేడికి ఉప్పు తొందరగా కరుగుతుంది గానీ ఎక్కువేమీ కరగదు, 100 మిల్లీలీటర్లకి 36 గ్రాములే హద్దు. చల్లారాక ఆ ఉప్పునీళ్ళ సాంద్రత 1.2, అక్రిలిక్ ప్లాస్టిక్‌ది 1.18. ఆ కాస్త తేడాతో పాచిక తేలుతుంది. వేలితో తడుతూ ప్రతిసారీ పైకి ఏ అంకె వస్తోందో చూస్తుంది. మారుతూ ఉంటే మంచిది. ఊదారంగు దాంట్లో 4 పదే పదే పైకొస్తోంది, లోపల ఆ పక్కన గాలిబుడగ ఉందన్నమాట. దాన్ని పక్కన పెట్టేస్తుంది. వరసగా ఓడితే కొత్తవాళ్ళు తమనే తిట్టుకుంటారు, పాచికని కాదు. ఈ ముప్పావుగంట అందుకే.

పటానికి ఇంకో ముప్పావుగంట. పది రూపాయల చార్టు మీద అంగుళం గళ్ళు గీస్తుంది. ఒక గడి అయిదు అడుగులకి లెక్క, మనిషి ఒక వంతులో ఆరు గళ్ళు నడవగలడు. గుహ గోడలు ముందే గీయదు, అవి ఆటలో పుడతాయి. గళ్ళమీద నిలబడేవి ఏటికొప్పాక బొమ్మలు, వేలెడంతవి, ఒక్కోటి 60 రూపాయలు. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేతుమీద తిప్పుతూ లక్కకడ్డీ అదిమిపెడితే రాపిడి వేడికే లక్క కరిగి రంగు అంటుకుంటుంది. 2017లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు వచ్చిన పనితనం. ఈ ఆటకి వచ్చే విదేశీ బొమ్మల కన్నా ఇవే మేలు. మొహం స్పష్టంగా ఉండదు కాబట్టి ఎవరి మొహం వాళ్ళు ఊహించుకుంటారు.

ఆదివారం నాలుగింటికి అందరూ కూర్చున్నాక నియమాలు చెప్పదు. చాలామంది డీఎంలు కొత్తవాళ్ళని పోగొట్టుకునేది ఈ మొదటి అరగంటలోనే అని నాకనిపిస్తుంది. వివరణ మొదలవుతుంది, ఎవరూ ఆపరు, ఆట మాత్రం మొదలవదు. ఈమె ఆరు పాత్రల్నీ పరుస్తుంది, ఎంచుకోమంటుంది, పేరు రాయమంటుంది. పదో తరగతి అమ్మాయి తప్పెట కుర్రాణ్ణి తీసుకుని ‘సింహాద్రి’ అని రాస్తుంది. డీఎం బల్ల మధ్య ఇంటూ గుర్తున్న ఓ అట్టముక్క పెడుతుంది. కథ ఎటైనా నచ్చని చోటికి పోతుంటే దాన్ని ముట్టుకుంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు, ఆ ముక్క కథలోంచి పోతుంది. జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇదంతా ఎనిమిది నిమిషాలు.

ఆ వెంటనే: “కొండమీద నలుగురూ నిలబడి ఉన్నారు. కింద బిలంలోంచి ఆవు అరుపు వినిపిస్తోంది. తాడు ఒక్కటే ఉంది. ఏం చేస్తారు?”

కాసేపు ఎవరూ మాట్లాడరు. ఈమె కూడా. ఆ మౌనాన్ని తాను పూరించకపోవడం ఆమె నేర్చుకున్న విద్యలన్నిట్లో కష్టమైంది. చివరికి మావయ్యే అంటాడు, “తాడు చెట్టుకి కడతాను. నేనైతే ముందు అదే చేస్తాను.” ఇరవై ముఖాల పాచిక ఆయన చేతిలో పెట్టి, వేసి పత్రంలో బలం పక్కనున్న మూడు కలపమంటుంది. పది దాటితే పని అయినట్టే, సరిగ్గా పది వచ్చినా సరే. అంటే పాచిక మీద 7 గానీ పైన గానీ పడాలి, నూటికి 70 పాళ్ళు అవకాశం. మొదటిసారి పాచిక తేలిక పనికే వేయిస్తుంది. తేలికకి 10, కష్టానికి 15, పోట్లాట వదిలేస్తే ఈ సాయంత్రమంతా ఆమె వాడే అంకెలు ఈ రెండే.

పడింది 4. కలిపితే ఏడు. ఇక్కడ చూడాలి ఆమె పనితనం. “ముడి పడలేదు” అని ఊరుకుంటే ఆట గోడకి తగులుతుంది. “ముడి పడింది, దిగుతుండగా సగంలో జారింది. నలుగురూ కిందకి చేరారు గానీ కాగడా ఒకటి నీళ్ళలో పడి ఆరిపోయింది” అంటుంది. ఓటమి కూడా కథని ముందుకే నెట్టింది, పైగా చీకటి పెంచింది. ఇక ఒకరికొకరు సాయం చేస్తామన్నప్పుడు రెండో నియమం చెబుతుంది: సాయముంటే పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. అడిగినప్పుడే చెప్పింది కాబట్టి అది నియమంలా కాదు, బహుమతిలా చేతికొస్తుంది.

డిగ్రీ కుర్రాడు వీడియో గేములు ఆడినవాడు. అందరి వంతులూ తనే ఆడేస్తుంటాడు. అతణ్ణి ఆపదు, స్కెచ్ పెన్ను చేతికిచ్చి గుహ గీసే పని అప్పగిస్తుంది. గీయాలంటే మిగతావాళ్ళు చెప్పేది వినాలి. పదో తరగతి అమ్మాయి సంగతి వేరు. మాటలు తక్కువ పిల్లకి “ఏం చేస్తావు?” అన్న ప్రశ్న బరువు. అందుకని పాత్ర పేరుతో పిలిచి రెండు దారులు చూపిస్తుంది: “సింహాద్రీ, ఎడమపక్క నీళ్ళ చప్పుడు, కుడిపక్క గాలి. ఎటు చెవి పెడతావు?” రెండోసారి అడిగేటప్పటికి ఆ పిల్ల మూడో దారి చెబుతుంది.

అయిదుంపావుకి గబ్బిలాల గది. పోట్లాటకి కావలసిన లెక్క శుక్రవారమే కట్టేసింది. నియమాల్లో పెద్ద గబ్బిలానికి 22 పాయింట్ల ప్రాణం. దాన్ని కొట్టాలంటే 13 దాటాలి, సరిగ్గా 13 అయినా చాలు. వీళ్ళు కలిపే అంకె 5 కాబట్టి 8 గానీ పైన గానీ పడాలి: 65 శాతం. దెబ్బకి సగటున ఏడున్నర. నలుగురూ కలిసి ఒక చుట్టులో కొట్టేది దాదాపు పందొమ్మిదిన్నర. రెండు గబ్బిలాలైతే 44 పాయింట్లు, మూడు చుట్లలో పోట్లాట అయిపోతుంది. కొత్తవాళ్ళకి చుట్టు తొమ్మిది పది నిమిషాలు పడుతుంది, అంటే అరగంట లోపు. మూడో గబ్బిలాన్ని పెడితే నాలుగో చుట్టులోకి పోతుంది, అప్పటికి విసుగు పుడుతుంది. అందుకే రెండే. వంతుకి ఒకసారి కదలడం, ఒక పని చేయడం, ఇంతే చెబుతుంది. పుస్తకంలో పోట్లాటకి ఇంకా బోలెడు నియమాలున్నాయి, వాటిని ఎవరూ అడగరు.

రెండో చుట్టులో ఆ అమ్మాయి అంటుంది, “అక్కా, గబ్బిలాలకి కళ్ళకన్నా చెవులే కదా. నేను తప్పెట కొడితే?”

ఇలాంటి చోట ఆమె నోట ‘కుదరదు’ రాదు. పైగా ఇది కుదురుతుంది కూడా: పెద్ద గబ్బిలం ప్రతిధ్వనితోనే చూస్తుందనీ, చెవులు పనిచేయకపోతే ఆ చూపు పోతుందనీ నియమాల్లోనే ఉంది. ఆ ముక్క ఆమెకి తెలుసు, బయటికి చెప్పలేదు. “కొట్టు. 15 దాటాలి.” పడింది 17. గబ్బిలాలు ఇకమీద రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవాలి. వాటి దెబ్బ తగిలే అవకాశం 55 శాతం నుంచి 30కి పడిపోతుంది. మావయ్య ఒక్కసారి కుర్చీలోంచి లేచి, “ఓర్నీ! ఇంకా గట్టిగా కొట్టవే సింహాద్రీ!” అంటాడు. ఆయన ఆ పిల్లని పాత్ర పేరుతో పిలవడం అదే మొదలు.

అయిదూ ముప్పావుకి టీ, మిరపకాయ బజ్జీలు. బజ్జీ తిన్న చేత్తో బొమ్మలు ముట్టుకోకూడదన్నది ఒక్కటే ఆమె గట్టిగా చెప్పే నియమం. పది నిమిషాలని మొదలై ఇరవై అవుతుంది. ఆపదు, ఎందుకంటే మాట్లాడుకునేదంతా గుహ గురించే.

అడుగు ఘట్టంలో పాచిక లేదు. ఆవు లింగం పక్కన నిలబడి ఉంది, పాలు ధారగా రాతిమీద కారి ఏరవుతున్నాయి. దాన్ని పైకి తీసుకుపోతే ఏరు ఆగిపోతుంది. వదిలేస్తే కాపరి ఇంట్లో పాడి పోతుంది. అంతవరకు చెప్పి చేతులు ఒళ్ళో పెట్టుకుంటుంది. బ్యాంకు అక్క ఆవు వెల కట్టి కాపరికి ఇద్దామంటుంది. కుర్రాడు కాపరినే కిందకి తెద్దామంటాడు. మావయ్య ఇద్దరితోనూ దెబ్బలాడతాడు. పన్నెండు నిమిషాలు డీఎం నోరు విప్పదు. చివరికి నలుగురూ పైకెక్కి, ఆవు ఎక్కడుందో కాపరికి చూపించి, నిర్ణయం అతనికే వదిలేస్తారు. ఆమె కాగితం మీద రాసుకోని ముగింపు అది.

ఏడింటికి ముగుస్తుంది. ఏ క్షణం నచ్చిందని ఒక్కొక్కరినీ అడుగుతుంది; ఎక్కడ అర్థం కాలేదని కూడా. ఏ ప్రశ్న రెండుసార్లు వచ్చిందో రాసుకుంటుంది: దెబ్బ తగిలిందో లేదో చూసే అంకె, ఎంత తగిలిందో చూసే అంకె, ఈ రెండూ ముగ్గురికి కలిసిపోయాయి. వచ్చేసారి పత్రం మీద అవి వేర్వేరు రంగుల్లో ఉంటాయి. లెక్క చూస్తే పాచికలు రెండు సెట్లు 700, బొమ్మలు ఆరు 360, చార్టులు రెండు 20, జిరాక్సు పన్నెండు కాగితాలు 24, బజ్జీలూ టీ 150; మొత్తం 1254 రూపాయలు. ఇందులో 1060 ఒక్కసారి పెట్టేది. మూడు గంటల ఆటకి ఆమె పని ఆరు గంటలు, దానికి వెల కట్టలేదు.

పాత్ర పత్రాలు ఎవరివి వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు. మెట్లు దిగుతూ మావయ్య అడుగుతాడు, తన బలం పక్కన మూడే ఎందుకుంది, నాలుగు ఎందుకు లేదని. వచ్చే ఆదివారానికి ఆమె ఆయనకి ఇచ్చేది అర పేజీ కాదు, పేజీ. అందులో రెండు గళ్ళు ఖాళీగా ఉంటాయి, అంకెలు ఆయనే వేసుకోవాలి.