తాపీ తీరాన భూగోళ పాఠం

వస్త్ర పరిశ్రమలో ఉపాధికై సూరత్ చేరిన తెలుగువారి పిల్లల కోసం ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతున్నది. వారికి ఒక సందేహం సహజం: గోదావరి తూర్పునకు ప్రవహిస్తుండగా తాపీ పడమటికేల పారుతున్నది?

‘వర్చువల్ రియాలిటీ’ సాధనం రెండు కన్నులకు స్వల్పభేదంగల రెండు చిత్రాలను చూపి లోతును స్ఫురింపజేస్తుంది. తల త్రిప్పిన వైపునకు దృశ్యమూ మారుతుంది. దీనితో విద్యార్థి మధ్యప్రదేశ్‌లోని ముల్తాయ్ నుండి, సాత్పురా, అజంతా కొండల నడిమి లోయ వెంట, 724 కిలోమీటర్లు తాపీని అనుసరించి సముద్రం చేరవచ్చు. లోయ పడమటికి వాలియుండుట కనులారా చూచినప్పుడు సందేహం తీరుతుంది.

2006 ఆగస్టులో ఎగువ వర్షాలకు ఉకాయ్ జలాశయం నిండి, విడిచిన నీరు సూరత్‌ను ముంచివేసింది. కనుక ఈ పాఠం పరీక్షకే పరిమితం కాదు. అయితే సాధనం చూపగలదేగాని కొలవదు. దూరాన్నీ ఎత్తునూ పటంపై గణించడం ఉపాధ్యాయుడే నేర్పాలి.