డ్యామ్, బ్యారేజ్, ఆనికట్: మూడూ ఒకటేనా?



దగ్గర దగ్గర అర్థాలున్న ఇంగ్లిష్ మాటలు పిల్లల్ని బాగా తికమక పెడతాయి. డ్యామ్ అన్నా, బ్యారేజ్ అన్నా, ఆనికట్ అన్నా మనం తెలుగులో ‘ఆనకట్ట’ అనేస్తాం. అందుకే ధవళేశ్వరం మీద ఐదు వాక్యాలు రాయమంటే చాలామంది ‘ధవళేశ్వరం డ్యామ్’ అని రాస్తారు. స్పెల్లింగ్ తప్పు ఉండదు, గ్రామర్ తప్పు ఉండదు. కానీ అక్కడ ఉన్నది డ్యామ్ కాదు.

డ్యామ్ ముఖ్యంగా నీటిని నిల్వ చేస్తుంది. నదికి అడ్డంగా ఎత్తైన గోడ, వెనుక పెద్ద జలాశయం. కృష్ణా నది మీద నాగార్జున సాగర్ అలాంటిదే. ఆనికట్ గోడ ఎత్తు తక్కువ. నీటి మట్టాన్ని కాస్త లేపి కాలువల్లోకి మళ్లిస్తుంది, మిగిలిన నీరు గోడ మీద నుంచి పొర్లిపోతుంది. ఆర్థర్ కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి, 1852కి పూర్తి చేయించింది ఇదే. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు నీరు ఎక్కింది దాని వల్లే. తమాషా ఏమిటంటే ఆనికట్ అసలు ఇంగ్లిష్ మాటే కాదు. తమిళంలోని ‘అణైకట్టు’ను ఇంగ్లిష్ వాళ్లు తమ నోటికి తగ్గట్టు తిప్పుకున్నారు. మన ‘ఆనకట్ట’కు అది తోబుట్టువు. ఈ సంగతి చెప్పి చూడండి, పిల్లలు ఆ మాట ఇక మర్చిపోరు.

బ్యారేజ్ చేసే పనీ ముఖ్యంగా నీటిని మళ్లించడమే. కానీ దీనికి గేట్లుంటాయి. దించితే నీటి మట్టం నిలబడుతుంది, వరదొస్తే ఎత్తేస్తారు. పాత ఆనికట్ స్థానంలో 175 గేట్లతో ఇప్పటి కాటన్ బ్యారేజ్ కట్టారు. కాబట్టి 1852 గురించి రాస్తే ఆనికట్, ఇవాళ్టి గురించి రాస్తే బ్యారేజ్.

వరద రోజుల్లో ఇంకో జంట మాటలు వినిపిస్తాయి: లెవెల్, డిశ్చార్జ్. టీవీలో అడుగులు, క్యూసెక్కులు వెంట వెంటనే చెబుతారు కాబట్టి పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. నీరు ఎంత ఎత్తున ఉందో చెప్పేది లెవెల్, అది అడుగుల్లో. ఒక్క సెకనులో ఎంత నీరు దిగువకు పోతోందో చెప్పేది డిశ్చార్జ్, అది క్యూసెక్కుల్లో. ఒక క్యూసెక్ అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాల్లో చుట్టాలున్న ఇళ్లకు ఈ అంకెలు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు నానమ్మకు వార్త సరిగ్గా చదివి చెప్పాల్సింది మీ అబ్బాయో అమ్మాయో కావచ్చు.

ఇంగ్లిష్‌లోనే అన్ని తేడాలూ ఉంటాయనుకోకండి. మనకు చేలో వరి, కళ్లంలో ధాన్యం, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం. ఇంగ్లిష్ వాళ్లు ప్యాడీ, రైస్ అనే రెండు మాటలతో సరిపెట్టుకుంటారు. పొట్టు తీయక ముందు ప్యాడీ, తీశాక రైస్, వండినా రైసే. ‘మా తాతయ్య రైస్ కోశారు’ అని రాసిన పిల్లవాడికి ఈ తేడా చెప్పడానికి తాతయ్య కన్నా మంచి టీచర్ ఎవరు?

పేరెంట్స్ మీటింగుల్లో చాలామంది అమ్మలు “మాకు ఇంగ్లిష్ రాదండి, మేమేం చెప్పగలం” అంటుంటారు. వస్తువు సంగతి మీరు తెలుగులో చెప్పండి, ఇంగ్లిష్ మాట మేం చెబుతాం. ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడాలని పట్టుబట్టడం నాకైతే అంతగా నచ్చదు.

ఈ నెల ఇంటి పని: ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం వైపు బ్యారేజ్ మీదుగా వెళ్లేటప్పుడు గేట్లు ఎత్తి ఉన్నాయో, దించి ఉన్నాయో, ఎందుకో పిల్లల్ని అడగండి. ముందు తెలుగులో చెప్పనివ్వండి. తర్వాత అదే సంగతి మూడు ఇంగ్లిష్ వాక్యాల్లో రాయించి క్లాసుకు పంపండి.