తల్లి లేని ఇంట్లో తండ్రి పిలుపు

దివ్య ఖుర్ఆన్‌లో ‘యా బునయ్య’ అన్న సంబోధన ఆరుచోట్ల కనిపిస్తుంది. ‘నా ప్రియ కుమారా’ అని దాని భావం. ఆరుసార్లూ ఆ పిలుపు తండ్రి నోటి నుంచే వెలువడింది. కొండల వంటి అలల మధ్య మునిగిపోబోతున్న కుమారుణ్ణి హజ్రత్ నూహ్ (అలై) అలాగే పిలిచారు. తన కల చెప్పుకోవడానికి వచ్చిన యూసుఫ్‌ను హజ్రత్ యాఖూబ్ (అలై) అలాగే పిలిచారు. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి హితబోధ చేస్తూ మూడుసార్లు అలాగే పిలిచారు. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన జీవితంలోకెల్లా బరువైన మాట కుమారునికి చెప్పవలసి వచ్చినప్పుడు కూడా ఈ పిలుపుతోనే మొదలుపెట్టారు.

ఈ సందర్భాలలో ఎక్కడా తండ్రి మాటను కొడుకు దగ్గరకు మరొకరు మోసుకెళ్ళలేదు. తండ్రే స్వయంగా పిలిచాడు, తండ్రే స్వయంగా మాట్లాడాడు.

మన ఇళ్ళలో పరిస్థితి వేరు. కొడుకుకు పన్నెండు పదమూడేళ్ళు రాగానే తండ్రికీ కొడుక్కీ మధ్య మాటలన్నీ తల్లి ద్వారానే నడుస్తాయి. “అబ్బాతో నువ్వే చెప్పమ్మీ, ఫీజు కట్టాలి” అని కొడుకు అంటాడు. “వాడికి చెప్పు, రాత్రి పొద్దుపోయే దాకా బయట తిరగొద్దని” అని తండ్రి అంటాడు. తల్లి ఇరువైపుల మాటల్లోని కారం తీసేసి, తీపి కలిపి చేరవేస్తుంది. తండ్రి కోపం వెనక ఉన్న ప్రేమను కొడుక్కీ, కొడుకు మొండితనం వెనక ఉన్న బాధను తండ్రికీ విప్పి చెబుతుంది. ఆ తల్లి అల్లాహ్ పిలుపు అందుకొని వెళ్ళిపోయిన నాడు ఇంట్లో వంట మాత్రమే ఆగిపోదు. మాట కూడా ఆగిపోతుంది.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి ఉదయం దుకాణానికో, మిల్లుకో, పొలానికో వెళ్ళి ఇషా తర్వాత తిరిగి వస్తాడు. ఒక కొడుకు ఇంటర్, మరొకడు డిగ్రీ. “తిన్నావా?” అని తండ్రి అడుగుతాడు. “తిన్నా” అని జవాబు వస్తుంది. తర్వాత ఎవరి మూల వారిది, ఎవరి ఫోను వారిది. ఆ తండ్రి చెడ్డవాడు కాదు, ఆ పిల్లలూ చెడ్డవారు కారు. ముగ్గురూ ఒకే దుఃఖాన్ని మోస్తున్నారు. కాని ఎవరికి వారే విడివిడిగా మోస్తున్నారు.

గడువు మన చేతిలో లేదు

‘పిల్లలు ఇంకొంచెం పెద్దవాళ్ళైతే వాళ్ళే అర్థం చేసుకుంటారు’ అని చాలామంది తండ్రులు వాయిదా వేస్తుంటారు. ఈ ప్రాంతంలోనే అందరికీ తెలిసిన ఒక సంగతి ఉంది. ఆళ్లగడ్డ నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన శోభా నాగిరెడ్డి 2014 ఏప్రిల్‌లో నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకొని రాత్రివేళ తిరిగి వస్తూ, ఆళ్లగడ్డ సమీపంలో కారు ప్రమాదానికి గురై, ఏప్రిల్ 24న మరణించారు. ఇద్దరు కుమార్తెలు, ఒక కుమారుడు తల్లిని కోల్పోయారు. మూడేళ్ళు నిండకముందే, 2017 మార్చి 12న, తండ్రి భూమా నాగిరెడ్డి కూడా మరణించారు. హోదా, అధికారం, అనుచరగణం ఏదీ మరణాన్ని ఒక్క ఘడియ వెనక్కి జరపలేదు. తల్లి పోయిన తర్వాత పిల్లలతో తండ్రికి మిగిలిన కాలం ఎంతో అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి చెప్పదలచుకున్న మాట ఈ రోజే చెప్పాలి.

తల్లి పేరు ఇంట్లో వినపడాలి

మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) కూడా ఈ పరీక్షను ఎదుర్కొన్నారు. దైవదౌత్యం లభించిన పదవ యేట, అంటే క్రీ.శ. 619 ప్రాంతంలో, హజ్రత్ ఖదీజా (రజి) మరణించారు. అప్పటికి ఇంట్లో పెళ్ళికాని కుమార్తెలు ఉన్నారు. ఆయన (సఅసం) తన సహచరిణి పేరును దాచిపెట్టలేదు. మేకను జిబహ్ చేసినప్పుడల్లా ఖదీజా (రజి) స్నేహితురాళ్ళకు మాంసం పంపించేవారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె సోదరి హాలా గొంతు వాకిట్లో వినపడగానే ఖదీజా (రజి) జ్ఞాపకానికి వచ్చి చలించిపోయారు. బద్ర్ యుద్ధం తర్వాత కుమార్తె జైనబ్ (రజి) తన భర్త విడుదల కోసం పంపిన హారం తల్లి ఇచ్చినదని గుర్తించి ఆయన (సఅసం) హృదయం ద్రవించింది. బుఖారీ, ముస్లిం, అబూ దావూద్ గ్రంథాలలో ఈ సంఘటనలు నమోదై ఉన్నాయి.

మన ఇళ్ళలో జరిగేది దీనికి భిన్నం. పిల్లలు బాధపడతారేమోనని తండ్రి ఆమె పేరెత్తడు. తండ్రి బాధపడతాడేమోనని పిల్లలు ఎత్తరు. చివరకు ‘అబ్బా అమ్మీని మరచిపోయాడు’ అని పిల్లలు అనుకుంటారు. ‘వీళ్ళకు తల్లి పోయిన దిగులే లేదు’ అని తండ్రి అనుకుంటాడు. రెండూ అపోహలే. మగవాడు పిల్లల ముందు కన్నీరు పెట్టకూడదన్న నియమం ఇస్లాంలో లేదు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (సఅసం) కన్నీరు కార్చారు. ఆ కన్నీటిని కారుణ్యంగా పేర్కొన్నారు. ప్రభువుకు ఇష్టం లేని మాట మాత్రం నోట రాకూడదని బోధించారు.

చెప్పే ముందు అడగాలి

హజ్రత్ ఇబ్రాహీం (అలై) వృత్తాంతంలో ఒక వివరాన్ని మనం గమనించాలి. కుమారుడు తండ్రితో పాటు తిరిగి పనిచేసే వయసుకు వచ్చినప్పుడు ఆ స్వప్నం కలిగిందని సాఫ్ఫాత్ సూరా 102వ ఆయత్ తెలుపుతుంది. అంటే ఇంచుమించు ఎదిగిన కొడుకు. అది అల్లాహ్ ఆజ్ఞ. అయినా ఆయన కుమారునికి విషయం చెప్పి, నీ అభిప్రాయం ఏమిటో ఆలోచించి చెప్పమని అడిగారు. కుమారుడు ఇష్టపూర్వకంగా తల ఒగ్గాడు. దైవాజ్ఞ విషయంలోనే ఒక ప్రవక్త కొడుకు అభిప్రాయం అడిగితే, ఏ కోర్సులో చేరాలి, కర్నూలుకు వెళ్ళాలా హైదరాబాదుకు వెళ్ళాలా, ఇంటి మీద గది వేయాలా వద్దా అన్న విషయాల్లో మనం కొడుకుల్ని అడగకపోవడం ఏం న్యాయం?

దైవప్రవక్త (సఅసం) యువకులతో మెలిగిన తీరు కూడా ఇదే. మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయనతో వచ్చిన ఈడువాళ్ళు మదీనాలో ఇరవై రాత్రులు గడిపారు. వారికి ఇంటిమీద బెంగ కలిగిందని ఆయన (సఅసం) తానే పసిగట్టి, ఇంటి దగ్గర ఎవరెవరున్నారో విచారించి, వారిని తిరిగి పంపించారు (బుఖారీ). ఒక యువకుడు వ్యభిచారానికి అనుమతి కోరినప్పుడు చుట్టూ ఉన్నవారు గద్దించారు. ఆయన (సఅసం) మాత్రం దగ్గరకు రమ్మని కూర్చోబెట్టుకొని, నీ తల్లి విషయంలో, నీ అక్కచెల్లెళ్ళ విషయంలో ఎవరైనా ఇలా కోరితే నీకు సమ్మతమేనా అని ఒక్కొక్కటే అడిగి, అతని మీద చేయి ఉంచి దుఆ చేశారు (ముస్నద్ అహ్మద్). హజ్రత్ అనస్ (రజి) చిన్ననాటి నుంచి యువకుడయ్యే దాకా దాదాపు పదేళ్ళు ఆయన సేవలో ఉన్నారు. ఒక్కసారి కూడా ఆయన (సఅసం) తనను విసుక్కోలేదని సాక్ష్యమిచ్చారు.

కొడుకు ఫోనులో చూడరానిదేదో చూశాడని తెలిసినా, స్నేహితులతో సిగరెట్టు తాగాడని ఎవరైనా చెప్పినా, నలుగురి ముందు తిట్టడం తేలిక. పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడటం కష్టం. సున్నత్ మాత్రం ఆ కష్టమైన దారిలోనే ఉంది.

తప్పు చేసిన కొడుకులతో కూడా మాట తెగకూడదు

యూసుఫ్ (అలై) తల్లి అంతకు ముందే మరణించిందని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. ఆమె జీవించే ఉందని ఇమామ్ తబరీ అభిప్రాయపడ్డారు. ఏదేమైనా కొడుకులతో వచ్చిన కష్టాన్ని హజ్రత్ యాఖూబ్ (అలై) భరించిన తీరు ప్రతి తండ్రికీ పాఠం. కొడుకులు అబద్ధపు నెత్తురు పూసిన చొక్కా తెచ్చి చూపారు. ఆయన నమ్మలేదు, సహనం వహించారు. అంతేగాని వారిని ఇంటి నుంచి వెళ్ళగొట్టలేదు. తర్వాత అదే కొడుకులు ప్రయాణమైనప్పుడు అందరూ ఒకే ద్వారం గుండా వెళ్ళవద్దని జాగ్రత్తలు చెప్పారు. దుఃఖంతో కళ్ళు తెల్లబడిపోయినా తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని ఆ కొడుకులకే ధైర్యం చెప్పారు. చివరకు వారు తప్పు ఒప్పుకొని వచ్చిన రోజున వారి కోసం ప్రభువును క్షమాపణ వేడుకుంటానని మాట ఇచ్చారు. మరణ ఘడియలో కూడా వారిని చుట్టూ పిలిచి, నా తర్వాత ఎవరిని ఆరాధిస్తారని అడిగారు. మొదటి నుంచి చివరి వరకు ఆ తండ్రి మాట ఆగలేదు.

బంగారం లెక్క దాచవద్దు

తండ్రీకొడుకుల మధ్య మౌనం ముదిరి అనుమానంగా మారేది తరచూ తల్లి ఆస్తి దగ్గరే. ఆమె నగలు ఇంటి పెద్ద సొత్తు అని తండ్రి అనుకుంటాడు. షరీఅత్ ప్రకారం అవి ఆమె సొత్తు, ఆమె మరణంతో వారసుల హక్కు. భర్త మహర్ చెల్లించకుండా ఉండిపోతే అది అతని మీద అప్పు. ఆ మొత్తం కూడా ఆమె ఆస్తిలో చేరుతుంది. అప్పులు, వీలునామా ఏవైనా ఉంటే తీర్చిన తర్వాత, సంతానం ఉంది కాబట్టి భర్తకు నాలుగో వంతు. ఆమె తల్లిదండ్రులు జీవించి ఉంటే ఒక్కొక్కరికి ఆరో వంతు. మిగిలింది సంతానానికి, కుమార్తెకు ఒక వంతైతే కుమారునికి రెండు వంతుల చొప్పున (నిసా సూరా 11, 12 ఆయత్‌లు).

ఉదాహరణకు అప్పులు, వీలునామా లేవు, ఆమె తల్లిదండ్రులు లేరు, ఇద్దరు కొడుకులే ఉన్నారు, 8 తులాల బంగారం ఉందనుకుందాం. తండ్రికి 2 తులాలు, కొడుకులకు చెరి 3 తులాలు. కొడుకులు చిన్నవారైతే వారి వాటా తండ్రి దగ్గర అమానత్. మన ఇంటి వివరాలతో ఊళ్ళోని ముఫ్తీ సాహెబ్‌ను అడిగి, పిల్లలను ఎదుట కూర్చోబెట్టి, కాగితం మీద రాసి చూపించాలి. లెక్క చూపిన తండ్రి మాట పిల్లల దగ్గర నిలుస్తుంది.

మళ్ళీ పెళ్ళి మాట

భార్య మరణించిన వ్యక్తి మళ్ళీ వివాహం చేసుకోవడం ధర్మసమ్మతం. ఖదీజా (రజి) మరణానంతరం దైవప్రవక్త (సఅసం) వితంతువైన హజ్రత్ సౌదా (రజి)ను వివాహమాడారు. ఎదిగిన కొడుకులు పరువు పేరుతో తండ్రికి అడ్డుపడటం సరికాదు. అయితే ఆ సంగతి వారికి మేనత్త నోటనో, వీధిలోనో తెలియకూడదు. తండ్రే ముందుగా చెప్పాలి. వచ్చే ఆమె తల్లి స్థానాన్ని చెరపడానికి రావడం లేదని, తల్లి పేరు ఈ ఇంట్లో ఎప్పటికీ గౌరవంగానే ఉంటుందని నమ్మకం కలిగించాలి.

కుమారులకు ఒక మాట

ప్రియమైన యువకులారా! మీరు తల్లిని కోల్పోయారు. మీ తండ్రి తన జీవిత భాగస్వామిని కోల్పోయాడు. ఆయనకు మాటలు పేర్చడం రాకపోవచ్చు. పొద్దున్నే లేచి గ్యాస్ పొయ్యి ముందు నిలబడి మాడిన రొట్టె కాల్చి పెట్టడమే ఆయన మాట. తల్లిదండ్రులలో ఒక్కరే మిగిలినా వారి పట్ల ‘ఉఫ్’ అని కూడా అనవద్దని, వినయంతో భుజాలు వంచమని ఇస్రా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. ఆయన అడిగిన దానికి ‘ఊఁ’ అని కాక ఒక పూర్తి వాక్యంలో జవాబు చెప్పండి. అంత మాత్రానికే ఆయన అలసట సగం తీరుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తండ్రీకొడుకులు కలిసి చేసే ఒక పని కావాలి. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి మరణించినప్పుడు ఆమె తరఫున దానం చేస్తే ఆమెకు పుణ్యం చేరుతుందా అని అడిగారు. చేరుతుందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ఆయన తన తోటను ఆమె పేర సదఖా చేశారు (బుఖారీ). మనకు తోట లేకపోవచ్చు. మసీదు వాకిట్లో ఒక నీటి కుండ, మదర్సా విద్యార్థికి ఒక జత బట్టలు, వేసవిలో కుందూ దాటి వచ్చే కూలీలకు మజ్జిగ, ఏదైనా సరే. ఏం చేయాలో కొడుకుల్నే నిర్ణయించమనాలి. ఖర్చు ముగ్గురూ పంచుకోవాలి. జుమా రోజున కలిసి ఖబరస్తాన్‌కు వెళ్ళి దుఆ చేసి, తిరిగి నడిచి వస్తూ ఆమె గురించి ఒక్క మాట మాట్లాడుకోవాలి. రోజుకు ఒక పూట భోజనం ఫోన్లు పక్కన పెట్టి ఒకే దస్తర్‌ఖాన్ మీద చేయాలి. కొడుకుల మధ్య పోలిక పెట్టి ఒకణ్ణి పొగడి ఇంకొకణ్ణి కించపరచకూడదు.

మొదటి రోజు జవాబు రాకపోవచ్చు. నూహ్ (అలై)కు జవాబు అనుకూలంగా రాలేదు, అయినా ఆయన పిలవడం మానలేదు. పిలవడం తండ్రి బాధ్యత. హృదయాలను తిప్పడం అల్లాహ్ పని.

ఓ అల్లాహ్! తల్లులు లేని మా ఇళ్ళలో మాటను బ్రతికించు. తండ్రుల నాలుకలకు మృదుత్వాన్ని, కుమారుల హృదయాలకు కరుణను ప్రసాదించు. మమ్మల్నీ మా సంతానాన్నీ నమాజును నెలకొల్పేవారిగా చెయ్యి. మాకంటే ముందు వెళ్ళిన తల్లులను క్షమించి, స్వర్గంలో మమ్మల్నందరినీ ఒక్కచోట చేర్చు. ఆమీన్.