ధరల బుట్ట

పిల్లలూ! ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు దుకాణాల్లో బియ్యం బస్తాలు చూసే ఉంటారు. 2023 జూలై 20న భారతదేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపింది. అమెరికాలోని తెలుగువారు సోనా మసూరి కోసం పరుగెత్తారు. బస్తా ధర పెరిగింది. కాని అమెరికా ధరల సూచిలో ఆ పెరుగుదల దాదాపు కనిపించదు. ఎందుకని?

అక్కడి కార్మిక గణాంకాల సంస్థ ప్రతినెలా ఒక బుట్ట ఖరీదు కడుతుంది. నిజం బుట్ట కాదు సుమా! జనం కొనే పాలు, పెట్రోలు, వైద్యం, ఇంటి అద్దె అన్నీ అందులో లెక్కే. ఎక్కువ ఖర్చయ్యేదానికి ఎక్కువ వాటా. ఇంటి ఖర్చుదే సుమారు మూడోవంతు, బియ్యానిది చిటికెడు. 1982-84 నాటి సగటును 100గా పెట్టుకొని నేటి ఖరీదును పోలుస్తారు. ఇలాంటి సూచిని బట్టే 2023లో వృద్ధుల సోషల్ సెక్యూరిటీ పింఛను 8.7 శాతం పెరిగింది. రెండుపూటలా అన్నమే తినే తాతయ్యకూ అదే శాతం!

అభ్యాసం: మీ ఇంటి బియ్యం రసీదులు మూడు నెలలు దాచండి. ఒకే తూకానికి మొదటి నెల ధర 100 అయితే, మూడో నెల ఎంత?